కావలూరులో ఒక రాత్రి, హొసకోటెలో ఒక రాత్రి

బెంగళూరులో అద్దె ఇల్లు చూడబోయిన ప్రతిసారీ యజమాని అడిగే మొదటి ప్రశ్న పేరు గురించి కాదు, ఊరి గురించి కాదు, "ఏ కంపెనీ?" అన్నది. 2005 ఆగస్టులో ప్రొద్దుటూరు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున మడివాళలో దిగిన నాటి నుంచి ఈ ప్రశ్నకు నేను చాలా రకాల జవాబులు చెప్పి చూశాను. పరిశోధక విద్యార్థిని అంటే, విద్యార్థులకు ఇల్లు ఇవ్వమనేవారు. ప్రభుత్వ సంస్థ అని చెబితే సరిపోతుందని సీనియర్లు నేర్పారు గాని అది సగమే నిజం, ఎందుకంటే సంస్థ ప్రభుత్వానిదే అయినా అందులో నా కాగితం మాత్రం ఏడాదికొకసారి చెల్లిపోయేది. చివరకు బీటీఎం లేఅవుట్‌లో ఒక ఆంధ్రా మెస్సుకు ఎదురుగా ఉన్న పీజీలో చేరాను. గదిలో మిగిలిన ముగ్గురూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు, ముగ్గురూ మన వైపువాళ్లే. ఉదయం ఏడు గంటలకు వాళ్లు తల దువ్వుకొని క్యాబు కోసం కిందికి దిగుతుంటే, నేను రాత్రంతా మేలుకున్న కళ్లతో మెట్లెక్కి వచ్చి, కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకునేదాన్ని. "నీ షిఫ్టు ఏ దేశానికి?" అని ఒకమ్మాయి మొదటి వారంలో అడిగింది. లద్దాఖ్‌కు అని చెప్పాను. నవ్వులాటకు అన్నాననుకుంది గాని నేను చెప్పింది అక్షరాలా నిజం.

బెంగళూరుకు ఈశాన్యంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో హొసకోటె ఉంది. అక్కడ భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఒక ఆవరణలో, పూలతోటలూ కూరగాయల మళ్లూ దాటి వెళ్లాక, ఒక గదిలో వరుసగా కంప్యూటర్ తెరలు ఉంటాయి. ఆ తెరల ముందు కూర్చున్నవారు లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి 4500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల టెలిస్కోప్‌ను ఉపగ్రహ సంకేతాల ద్వారా నడుపుతారు. 2000 సంవత్సరంలో తొలి వెలుగు చూసిన ఆ టెలిస్కోప్‌కు చంద్ర అని పేరు. మనిషి రాత్రంతా మేలుకొని పనిచేయడానికి ప్రాణవాయువు చాలని ఎత్తు అది, చలికాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి దిగుతుంది. హొసకోటెలో మేము ఫ్యాను వేసుకొని, మిరపకాయ బజ్జీలు తింటూ, తెర మూలన కనబడే ఆ అంకెను చూస్తూ పనిచేసేవాళ్లం. మొదటి రాత్రి నాకు ఎందుకో సిగ్గేసింది. చలి అక్కడి గుమ్మటానికి, చూపు మాకు.

అసలు ఈ వృత్తి ఎలా సాగుతుందో ఊళ్లో వివరించడం కష్టం. ఎమ్మెస్సీ తిరుపతిలో చదివాను, ప్రవేశ పరీక్ష రాసి బెంగళూరులో పీహెచ్‌డీలో చేరాను, అది పూర్తయ్యేసరికి ఆరేళ్లు పట్టింది. ప్రతి సంక్రాంతికీ మా పెద్దమ్మ "ఏం పాపా, ఇంగా సదువు అయిపోలేదా?" అని అడిగేది. పీహెచ్‌డీ తరువాత వచ్చేది పోస్ట్‌డాక్, అంటే గడువు కట్టి ఇచ్చే పరిశోధన ఉద్యోగం. దానికి తెలుగులో నాకు తోచిన సరైన మాట కౌలు. రెండేళ్లకో మూడేళ్లకో ఒక పొలం కౌలుకు దొరుకుతుంది. విత్తనం నీదే, చాకిరీ నీదే. పంట చేతికొచ్చే వేళకు గడువు తీరిపోతుంది, తట్టాబుట్టా సర్దుకొని మరో ఊరు చూసుకోవాలి. మొదటి ఏడాది కొత్త ఊరికి అలవాటు పడటానికే చాలదు, రెండో ఏడాది సగం నుంచి తరువాతి చోటుకు దరఖాస్తులు రాయడం మొదలవుతుంది. మధ్యలో మిగిలిన ఆరేడు నెలల్లోనే పేరు నిలిచే వ్యాసమేదైనా రాయగలగాలి. నాకు దొరికిన కౌలు జర్మనీలోని హైడెల్బర్గ్‌లో, 2011 నుంచి 2013 వరకు. నెక్కర్ నది ఒడ్డున అందమైన ఊరు, మంచి గ్రంథాలయం, సాయంత్రం ఆరు దాటితే తాళం వేసుకొని ఇంటికి పోయే మనుషులు. ఆ రెండేళ్లూ నేను ఒక్క టెలిస్కోప్‌నూ ముట్టలేదు. చిలీలోని కొండ మీద వేరెవరో నా తరఫున పరిశీలన చేసేవారు. నాకు ఫైళ్లు వచ్చేవి. అది మేలైన పద్ధతే, నా కన్నా వాళ్లే బాగా చేసేవారు కూడా. కాని కొరియరులో వచ్చిన మామిడిపండ్లలా ఉండేవి ఆ ఫైళ్లు, చెట్టు ఏదో తెలియదు.

నేను తిరిగి రావడం గురించి ఊళ్లో ఒక కథ ఉంది. తల్లిదండ్రుల కోసం, దేశం కోసం విదేశం వదులుకొని వచ్చిందంటారు. సన్మానం చేస్తామని కూడా ఒకసారి అడిగారు. నిజమేమిటంటే, అక్కడ నాకు మూడో ఏడు కౌలు దొరకలేదు. ఇరవై మూడు చోట్లకు దరఖాస్తు పెట్టాను. బెంగళూరులో ఒక ప్రాజెక్టులో చోటుందని తెలిసి వచ్చాను. ఈ మాట ఇంతవరకు రాతలో ఎక్కడా ఒప్పుకోలేదు గాని, తిరిగి రావడమనే మాట చుట్టూ మనవాళ్లు అల్లే పుణ్యకథలు విన్నప్పుడల్లా చెప్పేయాలనిపిస్తుంది. వచ్చిన తరువాత కూడా పరిస్థితి ఏమంత ఘనంగా లేదు. ఆ ప్రాజెక్టు నిధులు ఏవో కాగితాల మధ్య ఆగిపోయి, వరుసగా ఏడు నెలలు జీతం రాలేదు. పాత పీజీ స్నేహితురాలు ఆ ఏడు నెలల అద్దె కట్టింది, తిరిగిస్తానంటే కోప్పడింది.

ఇలా తిరిగివచ్చినవారిలో మా వృత్తిలో అందరికీ మొదట గుర్తొచ్చేది వైను బప్పు. మా ఊళ్లో ఈ పేరు చెబితే బొమ్మలేసిన బాపు గారనుకుంటారు. ఈయన ఖగోళ శాస్త్రజ్ఞుడు; 1927లో మద్రాసులో పుట్టారు, కుటుంబం మలయాళీలది. కాని పెరిగింది హైదరాబాదులో, ఎందుకంటే తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన ఆ వేధశాల ఉన్న ఊళ్లో, తండ్రి వెంట టెలిస్కోప్ దగ్గరికి వెళ్లే అవకాశం ఉన్న పిల్లవాడికి ఆకాశం ఇంటి పెరడే అయిపోయి ఉంటుంది. నిజాం కళాశాలలో చదువుకున్నారు, హైదరాబాదు రాజ్య ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. వెళ్లిన కొన్ని నెలలకే, జులై 2న, ఆకాశాన్ని తీసిన ఒక ఫోటో పలకలో ఎవరూ ఎరగని తోకచుక్కను గుర్తించారు. దాని మార్గాన్ని లెక్కగట్టడంలో పాలుపంచుకున్న ఆచార్యుడు బాక్, సహాధ్యాయి న్యూకర్క్‌ల పేర్లు కలిపి అది బప్పు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అయింది. 1952లో పీహెచ్‌డీ, వెంటనే కార్నెగీ ఫెలోషిప్ మీద కాలిఫోర్నియాలోని పాలొమార్. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోప్ ఉన్న కొండ అది.

అక్కడ ఓలిన్ విల్సన్‌తో కలిసి చేసిన పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను రోజూ వాడే విద్య దానికి దగ్గరి చుట్టం. నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీస్తే వర్ణపటం వస్తుంది, అందులో అక్కడక్కడ నల్లని గీతలుంటాయి. ఊదారంగు అంచున, 3933 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి అల పొడవును కొలిచే అతిచిన్న ప్రమాణం) దగ్గర, కాల్షియం గీసే వెడల్పాటి నల్లగీత ఒకటుంది. చల్లని నక్షత్రాల్లో ఆ నల్లగీత నట్టనడుమ సన్నని వెలుగుచార ఒకటి మళ్లీ తలెత్తుతుంది. ఆ చార వెడల్పుకూ నక్షత్రపు అసలు కాంతికీ సూటి సంబంధం ఉందని 185 నక్షత్రాలను కొలిచి ఇద్దరూ చూపించారు. చీకట్లో దూరంగా ఒక దీపం కనిపిస్తే అది ఎంత దూరంలో ఉందో చెప్పలేం. కాని అది పెట్రోమాక్స్ లైటో గుడ్డిదీపమో తెలిస్తే మసకను బట్టి దూరం లెక్కకట్టవచ్చు. విల్సన్–బప్పు ప్రభావం అంటే, నక్షత్రం పెట్రోమాక్సో గుడ్డిదీపమో దాని కాల్షియం గీతే చెబుతుందన్నమాట. ఆ వ్యాసం అచ్చయింది 1957లో. అప్పటికి బప్పు కాలిఫోర్నియా వదిలిపెట్టి నాలుగేళ్లయింది. 1953లో తిరిగివచ్చి, 1954 నుంచి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలలో పనిచేస్తూ నైనితాల్‌లో ఉన్నారు. పాలొమార్ రాత్రుల పంట నైనితాల్‌లో చేతికొచ్చింది. కౌలు రైతుగా నాకు ఈ వివరం మీద కొంచెం అసూయ.

సరిగ్గా ఆ 1953లోనే మరొకాయన ఎదురు దిశలో ఒక అడుగు వేశారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొని 1930లో, పందొమ్మిదేళ్ల వయసులో ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1937 నుంచి అమెరికాలో స్థిరపడి, 1953లో ఆ దేశపు పౌరుడయ్యారు. ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తెల్ల మరుగుజ్జు నక్షత్రపు బరువుకు సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్ల దగ్గర హద్దు ఉందని యౌవనంలో ఆయన కట్టిన లెక్కకు మిగిలిన పనితో పాటు 1983లో నోబెల్ వచ్చింది. నేను హొసకోటె నుంచి నడిపే చంద్ర టెలిస్కోప్ ఆయన పేరు మీదిదే. నేను కారెక్కి తమిళనాడు కొండల్లోకి వెళ్లి చూసే కావలూరు టెలిస్కోప్ బప్పు పేరు మీదిది. ఒకరు వెళ్లినవారు, ఒకరు వచ్చినవారు. వెళ్లినాయనను ద్రోహి అన్నవాళ్లు పాతరోజుల్లో ఉండేవారట, వచ్చినాయనను త్యాగి అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు మాటలూ నాకు గిట్టవు. కాగితమూ కలమూ ఉంటే చంద్రశేఖర్ పని ఏ ఊళ్లోనైనా సాగుతుంది. బప్పుకు కావలసింది కొండ, చీకటి, పెద్ద అద్దం. ఆ మూడూ కుదిరే చోటు ఇక్కడ ఆయనకు తగలలేదు గనుక తానే కట్టుకోవలసి వచ్చింది, దానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లలో ఆయన రాయగలిగీ రాయని వ్యాసాలు ఎన్నో ఎవరూ లెక్కగట్టరు. త్యాగమంటే అది కావచ్చు, విమానం టిక్కెట్టు మాత్రం కాదు.

1960లో, ముప్పై మూడేళ్లయినా నిండకముందే, బప్పు కొడైకెనాల్ వేధశాలకు డైరెక్టరుగా వెళ్లారు. అది సూర్యుణ్ణి చూసే చోటు. నక్షత్రాలను, ముఖ్యంగా దక్షిణాకాశాన్ని చూడటానికి వేరే కొండ కావాలని వెతికి వెతికి తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. 1968లో అక్కడ మొదట పెట్టింది కొడైకెనాల్ పనిశాలలో తయారైన 38 సెంటీమీటర్ల టెలిస్కోప్. 1972లో ఒక మీటరుది వచ్చింది. దానితోనే ఆ ఏడాది గురుగ్రహపు చందమామ గనిమీడ్ ఒక నక్షత్రాన్ని మరుగుపరిచినప్పుడు చూశారు, 1977 మార్చి 10న యురేనస్ వలయాలు బయటపడిన రాత్రి ఆ దృశ్యాన్ని పట్టుకున్న వేధశాలల్లో కావలూరు కూడా ఒకటి. 1971లో భారత ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడింది, తరువాత కోరమంగలలో దాని ఆవరణ లేచింది. 2.34 మీటర్ల పెద్ద అద్దాన్ని బెంగళూరులోనే అరగదీసి మెరుగుపెట్టారు. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఆ సంఘం సమావేశాలు గ్రీసులోని పత్రాస్‌లో జరుగుతున్న రోజుల్లోనే, 1982 ఆగస్టు 19న, గుండె శస్త్రచికిత్స తరువాత మ్యూనిక్‌లో కన్నుమూశారు. యాభై అయిదేళ్లు. పెద్ద టెలిస్కోప్‌ను 1986 జనవరి 6న రాజీవ్ గాంధీ ప్రారంభించి ఆయన పేరు పెట్టారు.

కావలూరుకు నేను మొదటిసారి వెళ్లింది పీహెచ్‌డీ రెండో ఏడాది, జీపులో, హోసూరు, కృష్ణగిరి, వాణియంబాడి మీదుగా. ఆలంగాయం దాటి కొండెక్కుతుంటే గాలి మారుతుంది. గుర్రపునాడా ఆకారపు చట్రంలో ఆ టెలిస్కోప్ కదలడం చూస్తే యంత్రాన్ని చూస్తున్నట్టు ఉండదు, పెద్ద ఏనుగు మెల్లగా పక్కకు తిరుగుతున్నట్టు ఉంటుంది. గుమ్మటం తలుపు తెరుచుకునేటప్పటి గరగర, ఒక్కసారిగా లోపలికి దిగే చీకటి చలి, టార్చి వెలుగును ఎర్రకాగితంతో కప్పుకొని లాగ్‌బుక్‌లో రాసుకోవడం, వీటిలో ఏదీ హొసకోటెలో లేదు. కావలూరులో రాత్రి విధుల్లో ఉండే సహాయకుల్లో ఒకాయన ఇంట్లో తెలుగే మాట్లాడేవాడు. ఆ తాలూకాల్లో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలవాడు, చదవడం రాయడం మాత్రం తమిళంలోనే. మొదటి రాత్రి ఒంటిగంట వేళ బయటికి వెళ్లి వచ్చి "మేడం, పడమటి దిక్కున మొయిలు లేస్తా ఉండాది" అన్నాడు. మొయిలు అన్న మాట నేను కావ్యాల్లో చదివానే గాని మనిషి నోట వినడం అదే మొదలు. మేము ప్రొద్దుటూరులో మోడం అంటాం. టీవీ వాళ్లు మేఘావృతం అంటారు. మాట ఏదైతేనేం, పావుగంటలో గుమ్మటం మూసుకోవలసి వచ్చింది.

ఆ మరుసటి రాత్రే నేను చేసిన పొరపాటు ఇప్పటికీ తలుచుకుంటే ముఖం వేడెక్కుతుంది. నా పని లోహాలు తక్కువగా ఉన్న పాతకాలపు నక్షత్రాల మీద. వాటి వర్ణపటంలోని ఇనుము, కాల్షియం, బేరియం గీతలను కొలిచి, 1920లో మేఘనాద్ సాహా ప్రచురించిన సమీకరణం ఆధారంగా ఏ మూలకం ఎంత ఉందో లెక్కకట్టాలి. అలాంటి ఒక నక్షత్రం మీద నలభై నిమిషాల చొప్పున మూడు ఎక్స్‌పోజర్లు అనుకున్నాను. తెర మీద దగ్గరదగ్గరగా రెండు చుక్కలు కనిపించాయి; చేతిలోని పటాన్ని తలకిందులుగా పట్టుకున్న సంగతి గమనించకుండా ఒకదాన్ని చూపించాను. సహాయకుడు కాసేపు చూసి "ఆ పక్కది కదా మేడం?" అన్నాడు. ఆయన పదో తరగతి, నేను ఎమ్మెస్సీ గోల్డ్ మెడల్. కాదు, ఇదే, అన్నాను. రెండు గంటల పాటు, నెలల తరబడి ప్రపోజల్ రాసి సంపాదించుకున్న రెండు గంటల పాటు, ఎవరికీ అక్కరలేని ఒక మామూలు నక్షత్రపు వెలుగును ఓపికగా పోగుచేసుకున్నాను. తెల్లవారి వర్ణపటం విప్పి చూస్తే గీతలు దట్టంగా, అడవిలా ఉన్నాయి. నా నక్షత్రంలో అవి పలుచగా ఉండాలి. ఆయనతో చెప్పాను. ఆయన పకపకా నవ్వలేదు, తప్పులేదనీ అనలేదు. "రాత్రి ఇంకా ఒకటి ఉండాది కదా" అని టీ పోశాడు. మూడో రాత్రి మొయిలు.

టెలిస్కోప్ సమయం ఎంత కరువో బయటివారికి తెలియదు. నాలుగు నెలలకొక విడత. ప్రతి విడతకూ దేశం నలుమూలల నుంచి ప్రపోజల్స్ వస్తాయి. ఏ నక్షత్రం, ఎందుకు, ఎన్ని నిమిషాలు, వేరే టెలిస్కోప్ ఎందుకు చాలదు, అన్నీ రాయాలి. ఆరు రాత్రులడిగితే రెండిస్తారు. ఆ రెండింటిలో వెన్నెల ఎంత, వాన ఎంత, ఉపగ్రహ సంకేతం తెగిపోయే గంటలెన్ని అన్నది మన చేతిలో లేదు. వానాకాలంలో కావలూరు కళ్లు మూసుకుంటుంది. రైతు బిడ్డలకు ఈ వృత్తి కొత్తగా ఏమీ అనిపించదని మా నాన్న అనేవాడు. ఆయన బట్టల అంగట్లో గుమాస్తా, తాత మాత్రం వేరుశనగ పండించినవాడు.

2018లో నాకు బెంగళూరులోనే పక్కా ఉద్యోగం వచ్చింది. పీజీ గదులు పోయి బన్నేరుఘట్ట రోడ్డు వెనుక చిన్న ఫ్లాటు వచ్చింది. ఇంటివాళ్లు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు ఒక్క మాటలో జవాబు చెప్పగలుగుతున్నాను. ఇప్పుడు హొసకోటె తెరల ముందు నా విద్యార్థులు కూర్చుంటారు, వెనక కుర్చీలో నేను. ఈ మధ్య ఒక విద్యార్థికి నక్షత్రాలు మధ్యాహ్నరేఖను, అంటే నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలకు సాగే ఊహారేఖను, దాటే వేళలు లెక్కకట్టడం నేర్పిస్తూ, ఇన్నేళ్లూ కళ్లెదుటే ఉన్నా చూడని ఒక సంగతి చూశాను. హాన్లే రేఖాంశం 78 డిగ్రీల 58 నిమిషాలు, కావలూరుది 78 డిగ్రీల 50 నిమిషాలు. ఇరవై డిగ్రీల అక్షాంశాల దూరం ఉన్నా రెండూ ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయి. హాన్లేలో నడిమింటికొచ్చిన చుక్క అర నిమిషం తరువాత కావలూరులో వస్తుంది. అక్కడితో ఆగకుండా ప్రొద్దుటూరుది తీసి చూశాను: మరో నిమిషానికి కాస్త పైన. బప్పు పెరిగిన హైదరాబాదు, హాన్లే తరువాత రెండు నిమిషాలకు. 2005 నుంచి, మధ్యలో రెండేళ్లు తప్ప, నేను ఉంటున్న బెంగళూరు మాత్రం పక్కకు జరిగి ఉంది, దానికి అయిదున్నర నిమిషాలు పడుతుంది.

అది 2023 ఏప్రిల్ చివరి వారం, ఆ రాత్రి స్వాతి నక్షత్రాన్ని కొలమానంగా తీస్తున్నాం. ఇతర నక్షత్రాల లోహాలను పోల్చిచూడటానికి దాన్ని వాడతాం, పెద్ద వెలుగు గనుక క్షణాల పని. అర్ధరాత్రి అవుతోంది. అమ్మ ఆ వేళకు నిద్రపోదని తెలిసి ఫోన్ చేసి, మిద్దె మీదికి వెళ్లి నడినెత్తిన, కొంచెం ఉత్తరంగా, ఎర్రగా మెరిసే చుక్క ఉందేమో చూడమన్నాను. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కిన చప్పుడు, ఆయాసం, కాసేపు నిశ్శబ్దం వినిపించాయి. తెర మీద హాన్లేలో ఆకాశం అద్దంలా ఉంది, విద్యార్థి ఎక్స్‌పోజర్ మొదలుపెట్టాడు.

"ఏం కనపడ్లేదు పాపా," అంది అమ్మ, "ఈడ మోడం పట్టింది."